పూడిక తీసిన వేసవి

మా పడవ మొదటిసారి బురదలో కూర్చున్నది ఒక జనవరి ఆదివారం మధ్యాహ్నం. కాలిఫోర్నియా తీరంలో చలికాలపు పెద్ద పాట్లు, అంటే సముద్రపు నీళ్ళు బాగా కిందకి తగ్గే వేళలు, మధ్యాహ్నం పూట వస్తాయి. ఎండాకాలంలో అయితే తెల్లవారుజామున. ఆ సంగతి నాకప్పటికి తెలియదు. పులిహోర డబ్బా సర్దుకుని, పిల్లలిద్దరినీ తీసుకుని మూడు గంటలకి మరీనాకి, అంటే పడవలు కట్టేసుకునే చిన్న రేవుకి, వెళ్ళాం. నీళ్ళ మీద తేలే చెక్క బాట, డాక్ మీద కాలు పెట్టగానే మా పెద్దమ్మాయి "అమ్మా, మన పడవ ఒరిగిపోయింది" అని అరిచింది. నిజమే. కొద్దిగా ఎడమ పక్కకి ఒరిగి, కదలకుండా, గోడకి ఆనుకున్న మనిషిలా ఉంది. తాడు పట్టుకుని లాగితే బండరాయిని లాగినట్టే. చుట్టూ ఉన్నవి రెండడుగుల నీళ్ళు, వాటి కింద నల్లటి బురద. గుడ్లు కుళ్ళిన వాసన.

మాది కాటలినా 25 రకం పడవ. 1970ల్లో, 80ల్లో ఇక్కడే కాలిఫోర్నియాలో పెద్ద ఎత్తున తయారైన చిన్న తెరచాప పడవ. నా వయసుకి దగ్గరగా ఉంటుంది దాని వయసు. పడవ అడుగున ఉండే బరువైన రెక్క, కీల్, నీళ్ళలోకి 4 అడుగులు దిగుతుంది. మేముండే మరీనా శాన్ ఫ్రాన్సిస్కో బే (అఖాతం) దక్షిణ భాగంలో ఒక చిన్న ఊరిది. పేరు రాయను, ఎందుకంటే తప్పు ఆ ఒక్క ఊరిదే కాదు. కాగితాల మీద మా వరసలో లోతు 8 అడుగులు. నిజానికి ఆ రోజున, సగటు పాటు లెక్కన చూస్తే, 3 అడుగులు కొంచెం దాటి ఉందంతే. పదిహేనేళ్ళకు పైగా అక్కడ ఎవరూ పూడిక తీయలేదు.

రాత్రి విశాఖపట్నానికి ఫోన్ చేశాను. మా నాన్న ఓడరేవుల్లో పూడిక తీసే డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఇంజిన్ రూం మనిషి. 1976లో పెట్టిన ఆ సంస్థకి హెడ్డాఫీసు మా ఊరే. మల్కాపురంలో మా చిన్నప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురు నాన్నలు ఓడల మీద ఉండేవాళ్ళు. ఏడుస్తున్నట్టుగా చెప్పాను, పడవ పాడైపోయిందేమోనని.

"మెత్తటి బురదేనా? రాళ్ళు లేవు కదా?"

"లేవు నాన్నా."

"అయితే పడవకేం కాదు అమ్మడూ. పోటు వస్తే అదే లేస్తుంది. అడుగు ఎంతుందో కొలిచావా?"

కొలవలేదు. కొలవాలని కూడా తోచలేదు. పడవ కొన్న నాలుగేళ్ళలో తెరచాప గురించి, తాళ్ళ గురించి, ఇంజిన్ గురించి ఎంతో నేర్చుకున్నాను గానీ, పడవ కింద ఏముందో ఒక్కసారీ చూడలేదు. ఈ పోస్ట్ ఆ కింద ఉన్నదాని గురించి.

*

శాన్ ఫ్రాన్సిస్కో బే చూడ్డానికి సముద్రమంత ఉంటుంది. కానీ లోతు లేదు. గోల్డెన్ గేట్ వంతెన కింద బాగా లోతే గానీ, సగానికి పైగా బేలో 12 అడుగుల నీళ్ళు కూడా ఉండవు. మా దక్షిణ భాగం ఇంకా పల్చన. పైగా పోటుపాట్ల తేడా ఇక్కడే ఎక్కువ. గోల్డెన్ గేట్ దగ్గర రోజుకి 6 అడుగుల లోపు ఉండే తేడా, దక్షిణపు కొస ఆల్విసో చేరేసరికి దాదాపు 9 అడుగులవుతుంది. తొట్టిలో నీళ్ళని ఒక పక్క నుంచి తోస్తే రెండో పక్క అంచు దాకా ఎగసినట్టు.

ఎండాకాలం మధ్యాహ్నాలు పడమటి గాలి గట్టిగా కొడుతుంది. ఆ గాలికి పల్చటి నీళ్ళ అడుగున ఉన్న సన్నని ఒండ్రు లేచి నీళ్ళన్నీ పాలు కలిపిన టీ రంగులోకి మారతాయి. పోటు ఆ నీళ్ళని మరీనాలోకి తెస్తుంది. మరీనా చుట్టూ రాతి కట్ట. లోపల అల ఉండదు, పడవలకి హాయి. ఒండ్రుకి కూడా అదే హాయి. నీళ్ళు నిలబడగానే కిందకి దిగిపోతుంది. పాటు వచ్చినప్పుడు తేట నీళ్ళే బయటికి పోతాయి. రోజుకి రెండుసార్లు, ఏడాది పొడుగునా.

మా అమ్మమ్మది గోదావరి జిల్లా. వరదల రోజుల్లో ఎర్రటి గోదావరి నీళ్ళు బిందెలో పోసి, ఇండుప గింజ అరగదీసి కలిపేది. గంటలో మట్టంతా అడుగుకి చేరి పైన తేట నీళ్ళు తేరేవి. ఉప్పు నీళ్ళు కూడా ఇంచుమించు ఆ పనే చేస్తాయి. నది తెచ్చిన సన్నని బంకమట్టి రేణువులు ఉప్పు తగలగానే ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, మునుగుతాయి. మరీనా అంటే ఎవరూ కడగని బిందె అని నాకు అప్పుడు అర్థమైంది.

ఈ మట్టిలో కొంత చరిత్ర కూడా ఉంది. 1850ల నుంచి సియెర్రా కొండల్లో బంగారం కోసం పెద్ద పెద్ద గొట్టాలతో నీళ్ళు చిమ్మి కొండలకి కొండలనే కరిగించారు. ఆ మట్టి నదుల్లో పడి, పొలాలు ముంచి, బేలోకి చేరింది. 1884లో లొరెంజో సాయర్ అనే జడ్జి నదుల్లోకి ఆ మట్టి వదలడం ఆపమని తీర్పు ఇచ్చాడు. 1917లో జి.కె. గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు లెక్క తేల్చాడు. ఇక్కడి బేల్లోకి చేరిన మట్టి వంద కోట్ల ఘన గజాలకు పైమాటే. తీర్పు వచ్చి 140 ఏళ్ళు దాటినా ఆ మట్టి ఇంకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. బంగారాన్ని పట్టడానికి వాడిన పాదరసం కూడా అందులో ఉంది. దానికి తోడు శాన్ హోసే పక్కనే న్యూ ఆల్మడెన్ పాదరసం గని ఉండేది, దాని నీళ్ళు గ్వాడలూపే నది మీదుగా మా దక్షిణ బేలోకే వచ్చేవి. ఈ విషయం మళ్ళీ వస్తుంది.

పూడిక తీయకపోతే ఏమవుతుందో చూడాలంటే మాకు దూరం పోనక్కర్లేదు. సన్నీవేల్‌లోనో మిల్పిటాస్‌లోనో ఉండే తెలుగువాళ్ళు శనివారం పిల్లల్ని ఆల్విసో తీసుకెళ్తుంటారు, పక్షులు చూపించడానికి. అక్కడ చెక్క బాట మీద నడుస్తుంటే రెండు పక్కలా రెల్లు ఊగుతుంటుంది. ఒకప్పుడు ఆ రెల్లు ఉన్న చోటే పడవలుండేవి. 1850ల్లో ఆల్విసో నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి స్టీమర్లు నడిచాయి. పాలో ఆల్టో ఊరికి కూడా పడవల రేవు ఉండేది. 1986లో మూసేశారు. ఇప్పుడు చిత్తడి నేల. అవి చిత్తడి నేలలుగా మారడం చెడ్డదని నేననను. అక్కడ కొంగలు, ఉల్లంకి పిట్టలు సుఖంగా ఉన్నాయి, చూస్తే నాకూ సంతోషమే. కానీ మా మరీనా కూడా నేను చూస్తుండగా రెల్లు దుబ్బుగా మారడం నాకు ఇష్టం లేదు. బే చుట్టూ లక్షల మందిమి ఉంటున్నాం. నీళ్ళ మీదకి దిగే చోట్లు మాత్రం ఏటికేడు తగ్గుతున్నాయి.

*

ఆ జనవరి తర్వాత ఊరివాళ్ళు సమావేశం పెట్టారు. రెండు దారులు చూపించారు. పూడిక తీసి, కుళ్ళిన డాక్‌లు తీసేసి కొత్తవి వేయడం ఒకటి. మెల్లగా మూసేయడం రెండోది. మొదటిదానికి రాష్ట్రంలో పడవల శాఖ నుంచి అప్పు దొరుకుతుంది. ఆ అప్పు తీర్చాల్సింది మరీనా అద్దెల నుంచే. నా స్లిప్ (పడవ కట్టుకునే చోటు) అద్దె మూడేళ్ళలో విడతలుగా 38 శాతం పెరుగుతుందని కాగితంలో ఉంది.

మాట్లాడటానికి ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. నాకు మైకు ముందు నిలబడితే గొంతు వణుకుతుంది. అయినా లేచాను. మా నాన్న సర్వీసులో ఎక్కువ నెలలు గడిపింది హల్దియాలో, హుగ్లీ నది మీద. అక్కడ ఈ రోజు తీసిన చోట మళ్ళీ రేపటి నుంచే నిండుతుంది. ఏడాదంతా తీస్తూనే ఉండాలి, అది ఎవరికీ వింత కాదు, ఓడరేవు నడవాలంటే అంతే. అదే చెప్పాను. పదిహేనేళ్ళకొకసారి కాకుండా నాలుగేళ్ళకొకసారి తీసే ఏర్పాటు ఉంటేనే ఈ అప్పుకి అర్థం ఉంటుందని, అద్దెలో కొంత భాగం విడిగా పూడిక ఖాతాలో వేయమని అడిగాను. అలా రాతపూర్వకంగా ఒప్పుకుంటే పెరిగిన అద్దె కడతానన్నాను.

మా పక్క స్లిప్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైరైన ప్లంబర్. పడవలోనే కాపురం. ఇక్కడ మరీనాల్లో నూటికి పది స్లిప్‌ల దాకానే అలా ఉండనిస్తారు. ఆయన పదకొండేళ్ళుగా ఆ పదిలో ఒకడు. నాకు ఇంజిన్‌లో నీళ్ళు తోడే ఇంపెల్లర్ మార్చడం నేర్పింది ఆయనే. నేను మాట్లాడి వచ్చి కూర్చున్నాక ఆయన లేచి, నాకొచ్చే పింఛనుకి 38 శాతం అంటే నేను వెళ్ళిపోవడమే అన్నాడు. కోపంగా అనలేదు. కూర్చున్నాక నా వైపు చూసి తల ఊపాడు. ఆ తల ఊపు ఇప్పటికీ నాతోనే ఉంది.

అద్దె పెరిగింది. ఆయన పడవ అమ్మేసి, సాక్రమెంటోలో కూతురి దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ ఆ రోజు వస్తే నేను ఇంకొకటి అడిగి ఉండేదాన్ని, పడవల్లో కాపురముండేవాళ్ళకి తక్కువ రేటు పెట్టమని. అప్పుడు నాకు తట్టలేదు. కానీ పూడిక తీయించమని అడగడం మాత్రం మానేదాన్ని కాదు.

*

అనుమతులకి రెండేళ్ళు పట్టింది. మొదట్లో నాకూ విసుగొచ్చింది. మట్టి తీయడానికి ఇంతమందిని అడగాలా అని. ఆర్మీ ఇంజనీర్ల విభాగం, పర్యావరణ సంస్థ, నీటి బోర్డు, రాష్ట్ర భూముల కమిషన్, బే కమిషన్, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని దరఖాస్తు చూసే ఏర్పాటు ఇక్కడ ఉంది. తర్వాత ఆ బే కమిషన్ ఎలా పుట్టిందో చదివాక నా విసుగు పోయింది. 1961లో కే కెర్, సిల్వియా మెక్‌లాఫ్లిన్, ఎస్తర్ గులిక్ అని ముగ్గురు ఆడవాళ్ళు బర్క్‌లీలో కూర్చుని మొదలుపెట్టిన ఉద్యమం అది. అప్పట్లో ప్రతి ఊరూ బేని పూడ్చి స్థలాలు చేసుకుంటోంది. బర్క్‌లీ అయితే ఊరి విస్తీర్ణం ఇంచుమించు రెట్టింపయ్యేలా పూడ్చాలని ప్లాను వేసింది. వీళ్ళు అడ్డం పడ్డారు. 1965లో చట్టం వచ్చి కమిషన్ ఏర్పడింది. వాళ్ళే లేకపోతే మేం పూడిక తీయాల్సిన బే ఎంత మిగిలి ఉండేదో!

మట్టి పరీక్ష చూడటానికి నేను ఒక రోజు సెలవు పెట్టాను. సన్నని పడవలో వచ్చి, పొడుగాటి గొట్టం బురదలోకి దించి, చెరకు ముక్కలా మట్టిని బయటికి తీశారు. పైన లేత గోధుమ రంగు, కింద నలుపు. ఆ మట్టిలో పాదరసం, రాగి, పాత నూనెల అవశేషాలు వెతుకుతారు. రాగి ఎక్కడి నుంచంటే మన పడవల అడుగున గుల్ల పట్టకుండా పూసే పెయింట్ నుంచే. నా పడవది కూడా అందులో ఉందన్నమాట. తర్వాత చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని ఆ మట్టిలో 10 రోజులు ఉంచి, ఎన్ని బతికాయో లెక్కపెడతారు. అవి బతికితేనే ఆ మట్టిని నీళ్ళలో ఎక్కడైనా వేయనిస్తారు.

ఎక్కడ వేయాలన్నది ఇంకో కథ. ఒకప్పుడు చాలావరకు ఆల్కట్రాజ్ ద్వీపం పక్కన వేసేవారు, ప్రవాహం కొట్టుకుపోతుందని. 1982 నాటికి అక్కడ నీళ్ళ కింద ఒక దిబ్బ లేచిందని తెలిసింది. ఓడల దారిలో! అప్పటి నుంచి లెక్కలు, పరిమితులు వచ్చాయి. 1994లో గోల్డెన్ గేట్‌కి పడమరగా 50 మైళ్ళ అవతల, రెండు కిలోమీటర్లకి పైగా లోతున్న చోట సముద్రంలో ఒక స్థలం గుర్తించారు. ఇప్పుడు మూడో దారి బాగా నడుస్తోంది. బే అంచున కట్టలు కట్టి ఎండబెట్టిన పాత పొలాలు కుంగిపోయాయి. వాటిని మళ్ళీ చిత్తడి నేలలు చేయాలంటే ముందు మట్టితో ఎత్తు పెంచాలి. నొవాటోలో హామిల్టన్ అనే పాత వైమానిక స్థావరాన్ని ఓక్లాండ్ పోర్టులో తవ్విన మట్టితో అలాగే నింపి, 2014లో కట్ట తెగ్గొట్టి బే నీళ్ళు వదిలారు. విమానాలు దిగిన చోట ఇప్పుడు పోటు వచ్చి పోతోంది. సముద్ర మట్టం పెరుగుతున్న కాలంలో ఈ చిత్తడి నేలలే ఊళ్ళకి మొదటి కట్ట. కానీ 1999 నుంచి బే నీళ్ళలో తేలుతూ తిరిగే ఒండ్రు బాగా తగ్గిపోయింది. అంటే మాకు బరువైన మట్టి, వాళ్ళకి కరువైన మట్టి. మా మరీనా మట్టిలో చాలాభాగం సొలానో కౌంటీలో అలాంటి చోటికే వెళ్ళింది.

ఇది చెప్పినప్పుడు ఫోన్‌లో నాన్న కాసేపు మాట్లాడలేదు. "మన దగ్గర ఇసకే పనికొస్తుంది అనుకునేవాణ్ణి. బురదకి కూడా అడిగేవాళ్ళున్నారన్నమాట" అన్నారు.

వైజాగ్ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. తూర్పు తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. హార్బర్ నోటి దగ్గర ఆగిపోతుంది. 1933లో హార్బర్ తెరవడానికి ముందే ఈ ఇసుకని ఆపడానికి జేనస్, విల్స్‌డెన్ అని రెండు పాత ఓడల్ని డాల్ఫిన్స్ నోస్ దగ్గర ముంచి గోడలా నిలబెట్టారు. ఇసుక ఇవతల ఆగితే అవతల ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకే పోగైన ఇసుకని డ్రెడ్జర్‌తో తీసి బీచ్‌కి పంపు చేస్తారు. చిన్నప్పుడు బీచ్‌లో నిలబడి, గొట్టంలోంచి నల్లటి నీళ్ళు, ఇసుక ఫిరంగిలా దూకుతుంటే "అది నాన్న పంపిస్తున్నది" అని మా అమ్మ చూపించేది. ఇక్కడ మాకు దక్షిణాన శాంటా క్రూజ్ రేవుది కూడా ఇదే ఇసుక సమస్య. వాళ్ళు సొంతంగా డ్రెడ్జర్ కొనుక్కుని ప్రతి చలికాలం తీసుకుంటారు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది.

*

మా అనుమతిలో జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకే పని చేయాలని రాసి ఉంది. మిగతా నెలలు సాల్మన్, స్టీల్‌హెడ్ చేపలవి, గుడ్లు పెట్టే హెర్రింగ్ చేపలవి. నాన్న జూన్‌లో వచ్చారు. అమ్మ పోయాక ఇదే మొదటిసారి రావడం. ఇంట్లో ఏం తోచదేమోనని నేను టెన్షన్ పడ్డాను. అవసరమే లేకపోయింది. రెండో రోజు పొద్దున్నే మరీనాలో దించాను. సాయంత్రం వెళ్ళేసరికి మడత కుర్చీలో అక్కడే ఉన్నారు, టోపీ పెట్టుకుని, ఒళ్ళో ఖాళీ అయిన దద్దోజనం డబ్బాతో. ఆ తర్వాత ఆరు వారాలు ఆయన రోజూ వెళ్ళారు.

వచ్చింది గ్రాబ్ డ్రెడ్జర్. చదునైన బార్జ్ మీద క్రేన్, దానికి రెండు దవడల తొట్టి. తెరుచుకుని దిగుతుంది, బురద కొరుక్కుని మూసుకుంటుంది, పైకి వస్తుంది, పక్కనున్న బార్జ్‌లో ఉమ్మేస్తుంది. నాన్న పనిచేసినవి హాపర్ డ్రెడ్జర్లు. అవి నడుస్తూ నడుస్తూ అడుగుని గొట్టంతో పీల్చి కడుపులో నింపుకుంటాయి. "పీల్చేదానిలో మట్టి కంటే నీళ్ళే ఎక్కువొస్తాయి. ఇది చూడు, బురదని బురదలాగే ఎత్తుతోంది. ఇరుకు చోట ఇదే మంచిది. కానీ చెయ్యి బాగుండాలి" అన్నారు. క్రేన్ ఆపరేటర్ చెయ్యి బాగుందని మూడో రోజుకి తేల్చారు. తొట్టి నీళ్ళని తాకే ముందు ఒక్క క్షణం ఆపుతున్నాడట. అలా చేస్తే కింద బురద చెదరదు. నేను వారం రోజులు చూశాక గానీ ఆ ఒక్క క్షణం నా కంటికి ఆనలేదు.

బార్జ్ మీద పెద్ద ఇనుప జాలీ. బురద దాంట్లోంచి జారిపోతుంది, చెత్త పైన నిలుస్తుంది. ఏం నిలిచాయో నాన్న ప్రతి సాయంత్రం పిల్లలకి చెప్పేవారు. సైకిల్, బండి బ్యాటరీలు, లంగర్లు, ఒక కుట్టు మిషన్, లెక్కలేనన్ని ఫోన్లు. ఒకసారి తొట్టి దవడలో పాత గొలుసు ఇరుక్కుని పని ఆగింది. ఒకటిన్నర రోజు పోయింది. నాన్న ఆ ఒకటిన్నర రోజూ కూడా కుర్చీలోంచి కదలలేదు.

అనుకున్న లోతు 8 అడుగులు. దానికి కింద ఇంకో 2 అడుగుల దాకా తీసినా డబ్బులిస్తారు. నీళ్ళ కింద గీత గీసినట్టు తవ్వడం కుదరదు కాబట్టి ఆ వెసులుబాటు. పైగా ఆ 2 అడుగులే ముందుగా నిండేవి, కొన్నేళ్ళు కలిసొస్తాయి.

పూడిక తీసిన వెంటనే డాక్‌ల పని. పాతవి 1970ల నాటివి. చెక్క పలకలు, వాటి కింద తెల్లటి ఫోమ్ దిమ్మలు, ఏ తొడుగూ లేకుండా. యాభై ఏళ్ళు పక్షులు పొడిచి, ఎండ తిని, ఆ ఫోమ్ ఆవగింజలంత పూసలై రాలుతూనే ఉంది. రాతి కట్ట సందుల్లో గుప్పిళ్ళతో ఎత్తొచ్చు. మేకులు పైకి లేచి మా చిన్నది రెండుసార్లు కాలు కోసుకుంది. గుంజలు క్రియోసోట్ అనే తారు నూనె పట్టించిన దుంగలు. 1919, 1920ల్లో చెక్క తొలిచే పురుగు బే ఉత్తర భాగంలో రేవులనే కూల్చేసింది. చెక్క గుంజకి క్రియోసోట్ ఎందుకు పట్టించేవారో దాన్ని బట్టే తెలుస్తుంది. కానీ ఆ తారు వాసన గుంజల మీద హెర్రింగ్ పెట్టిన గుడ్లు బతకవు. చేప ఎంతో నమ్మకంగా వచ్చి వాటి మీదే గుడ్లు పెడుతుంది. ఆ గుంజల్ని పీకి లారీ ఎక్కించినప్పుడు నేను నిజంగా చప్పట్లు కొట్టాను.

కొత్త గుంజలు కాంక్రీటువి. దిగ్గొట్టేటప్పుడు మొదటి దెబ్బలు నెమ్మదిగా వేస్తారు, చుట్టుపక్కల చేపలు తప్పుకునేందుకు. తేలే డాక్‌లు కూడా కాంక్రీటువే. రాయి తేలుతుందా అని పిల్లలు నమ్మలేదు. లోపల ఫోమ్ ఉంటుంది, కానీ చుట్టూ కాంక్రీటు తొడుగు, ఒక్క పూస బయటికి రాదు. పక్కల పొడుగాటి కలప దూలాలు, వాటిని కలుపుతూ అడ్డంగా ఇనుప కడ్డీలు. గుంజ చుట్టూ ఉంగరం, దానికి రోలర్లు, పోటుకి డాక్ చప్పుడు లేకుండా పైకి జారుతుంది. పాతవి రాత్రంతా కీచుమనేవి.

నాకన్నిటికంటే ముఖ్యం ఒడ్డు నుంచి డాక్ మీదకి దిగే వంతెన. పాతది పొట్టిది. పాటు వేళ నిచ్చెనలా నిలబడేది. నాన్న మోకాళ్ళతో దాని మీద దిగలేకపోయారు. ఆరు వారాలు ఒడ్డునే కూర్చున్నది అందుకు కూడా. కొత్తది 80 అడుగులు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళ కోసం ఇక్కడి నిబంధనల్లో ఉన్న లెక్క అది. కానీ అది బిగించింది నవంబర్‌లో. నాన్న టికెట్ అక్టోబర్ 9కి. తేదీ జరుపుకోమని ఎంత చెప్పినా, ఇంటి పన్ను కట్టాలి, చెల్లెలి మనవరాలి పెళ్ళుంది అని వెళ్ళిపోయారు.

వెళ్ళే ముందు ఒక పని చేసి ఇచ్చారు. పన్నెండు అడుగుల తెల్ల తాడుకి అడుగుకొక ముడి వేశారు. ఆరో అడుగు దగ్గర ఎర్ర గుడ్డ పీలిక కట్టారు, మన జాలర్ల లెక్కలో ఒక బార. కొసకి చేపలు పట్టేవాళ్ళ దుకాణంలో కొన్న సీసం గుండు. గుండు అడుగున చిన్న గుంట చేసి అందులో సబ్బు ముక్క నొక్కారు. అడుగు మట్టి దానికి అంటుకుని పైకొస్తుందట. "మీ పడవలో లోతు చూపించే ఆ మిషన్ మంచిదే. కానీ మెత్తటి బురదని అది అడుగో కాదో తేల్చుకోలేదు. చేతికి తెలుస్తుంది" అన్నారు. వంటింట్లో నిలబెట్టి నేర్పించారు. తాడు నిలువుగా ఉండాలి. గుండు తాకినప్పుడు కాదు, తాడు వదులైనప్పుడు చదవాలి. వచ్చిన లోతులోంచి ఆ నిమిషానికి పోటు ఎత్తు ఎంతో పట్టికలో చూసి తీసేయాలి. తారీఖు, టైము రాయాలి. ఎప్పుడూ ఒకే చోట కొలవాలి.

*

డిసెంబర్ మొదటి శనివారం పడవని తిరిగి తెచ్చుకున్నాం. నాలుగు నెలలు ఉత్తరాన ఇంకో మరీనాలో అద్దెకుంచాం. మధ్యాహ్నం పాటు వేళకే కావాలని వచ్చాను. గుండె దడదడలాడుతూనే ఉంది. మూల తిరిగి మా వరసలోకి రాగానే ఎప్పటిలా చుక్కాని బరువెక్కుతుందేమోనని చూశాను. బరువెక్కలేదు. పడవ తేలిగ్గా వచ్చి ఆగింది. పక్క స్లిప్‌లో ఇప్పుడు ఒక కొత్త జంట ఉన్నారు. తాడు అందుకుని సాయం చేశారు. మంచివాళ్ళే. ఆ చోట ప్లంబర్ గారి నీలం కాన్వాస్ లేకపోవడం మాత్రం కంటికి తగులుతూనే ఉంది. ఆయనకి ఫోటో పంపాను. "మంచి లోతు" అని జవాబు ఇచ్చాడు.

తాడు దించాను. వదులైంది. చదివాను. పోటు ఎత్తు తీసేశాను. 9 అడుగుల 5 అంగుళాలు. గుండు అడుగున సబ్బుకి అంటుకున్నది నల్ల బురద కాదు, గట్టి బూడిద రంగు బంకమట్టి. ఆ అడుగుని తొలిసారి తవ్విన రోజు తర్వాత వెలుగు చూసింది ఇదే కావచ్చు. వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. అక్కడ తెల్లవారి ఐదు. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసి, "అసలు అడుగు దొరికింది" అన్నారు. తర్వాత వెంటనే "మళ్ళీ ఎప్పుడు కొలుస్తావు?" అన్నారు.

ప్రతి నెలా మొదటి శనివారం కొలుస్తున్నాను. డాక్ చివర పెట్టెలో నోటు పుస్తకం ఉంది. మా పెద్దది రాస్తుంది, చిన్నది సబ్బు చూసి రంగు చెబుతుంది. పోయిన నెల ఊరి ఆఫీసులో ఆ పుస్తకం కాపీ అడిగి తీసుకున్నారు. పూడిక ఖాతా లెక్కలు వేసేటప్పుడు పెట్టుకుంటామన్నారు. నాన్న మేలో మళ్ళీ వస్తున్నారు, ఈసారి 80 అడుగుల వంతెన మీదుగా దిగి పడవెక్కుతారు.

నిన్నటి కొలత 9 అడుగుల 1 అంగుళం. మట్టి రంగు, చిన్నది చెప్పినట్టే రాశాం: పైన టీ, కింద బూడిద.